జంట నిమిషం

మా పనిలో ఒక నిమిషం ఉంది. దాన్ని మేం జంట నిమిషం అంటాం.

చట్టసభలో గానీ, సభ్యుల విచారణ సంఘంలో గానీ ఎవరేం మాట్లాడినా పొల్లుపోకుండా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకోవడం మా ఉద్యోగం. ఇద్దరు రిపోర్టర్లం. పది నిమిషాలు ఒకరు, పది నిమిషాలు ఇంకొకరు. వంతు మారేటప్పుడు కొత్తగా వచ్చినావిడ పక్క కుర్చీలో కూర్చుని, పెన్సిల్‌తో బల్ల మీద రెండుసార్లు తడుతుంది. అక్కణ్ణుంచి ఒక నిమిషం పాటు ఇద్దరూ రాయాలి. ఆ తర్వాతే మొదటావిడ లేవాలి. ఒకరు లేచి ఒకరు కుదురుకునే సందులో ఎవరి మాటా జారిపోకూడదని ఎప్పుడో ఎవరో బుద్ధిమంతుడు పెట్టిన పద్ధతి.

ఆ పద్ధతిని నేను నాలుగేళ్ళుగా పాటించడం లేదు. తట్టడం ఆలస్యం, లేచి వెళ్ళిపోయేదాన్ని. ఎందుకంటే ఆ తట్టేది నా తోడికోడలు.

మా అత్తగారు నన్ను పెద్దది అనేది, దాన్ని చిన్నది అనేది. పోయేముందు తన మెడలో గొలుసు పెద్దదానికే అని నాతో చెప్పింది. నాతో ఒక్కదానితోనే చెప్పింది, వచ్చిన చిక్కల్లా అదే. ఆవిడ పోయిన నెలకి ఆ గొలుసు చిన్నదాని మెడలో తేలింది. అడిగితే, “అత్తయ్య నాకే ఇచ్చింది, నాతోనే అంది” అంది. నాకసలే ముక్కు మీద కోపం. నేను నాలుగు అన్నాను, అది ఎనిమిది అంది, మధ్యలో అన్నదమ్ములిద్దరూ నీళ్ళు నమిలారు. ఆ రోజు నుంచీ మా మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అన్నదమ్ములు మాత్రం మాకు తెలియకుండా కలుసుకుంటూ ఉంటారు, పెద్దలకు భయపడే ప్రేమికుల్లాగా.

ఇంతకీ దానికి ఈ పని నేర్పిందే నేను. నా వంటింటి బల్ల మీద, నా పెన్సిళ్ళతో, రెండేళ్ళు నేర్పాను. షార్ట్‌హ్యాండ్‌లో ఎవరి గీత వాళ్ళది, ఒకరిది ఇంకొకరికి సరిగ్గా అంతుపట్టదు. నా గీతలు నేను కాక లోకంలో చదవగలిగింది అదొక్కతే. ఆఫీసులో ఈ సంగతి అందరికీ తెలుసు. అలాంటి దాని పక్కన కూర్చుని నిమిషం పాటు ఒకే మాట ఇద్దరం రాయడం నా వల్ల కాలేదు. రాయడానికి వంగినప్పుడల్లా ఆ గొలుసు బల్ల అంచుకి టంగుమని తగిలేది. ఆ చప్పుడు వినగానే నాకు ఒళ్ళు మండిపోయేది.

వంతెన సంగతి అందరికీ తెలిసిందే. నది మీద కట్టిన కొత్త వంతెన, తెరిచిన తొమ్మిదో రోజున నడిమధ్య విరిగి పడింది. దాంతోపాటు ఒక బస్సు నీళ్ళలోకి పోయింది. పదకొండు మంది చనిపోయారు. బరువు పరీక్ష చేయకుండా వంతెన ఎవరు తెరవమన్నారని విచారించడానికి ఐదుగురు సభ్యులతో సంఘం వేశారు. తెరవవచ్చని కాగితం మీద సంతకం పెట్టింది ఇంజనీరు. అందులో అనుమానం లేదు, ఆయనే ఒప్పుకున్నాడు. ఎందుకు పెట్టాడన్నదే ప్రశ్న.

తలుపులు మూసి జరిపే విచారణ కాబట్టి రికార్డు చేసే యంత్రాలు నిషేధం. ఫోన్లన్నీ బయట బుట్టలో వేసి రావాలి. లోపల జరిగిందానికి మా పుస్తకాలు తప్ప వేరే ఆధారం ఉండదు.

గురువారం నాడు ఇంజనీరుని ప్రశ్నించారు. సన్నటి మనిషి, చొక్కా చేతులు మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుని ఉన్నాడు. మాట్లాడుతున్నంత సేపూ కళ్ళజోడు పెట్టె మూత తెరుస్తూ మూస్తూనే ఉన్నాడు. “మరి ఎందుకు సంతకం పెట్టారు?” అని చైర్మన్ అడిగారు. ఆయన ఎంతకీ నోరు విప్పలేదు. సరిగ్గా అప్పుడే నా పక్కన పెన్సిల్ రెండుసార్లు టక్కుటక్కుమంది. నేను పుస్తకం మూసి లేచాను. తలుపు దగ్గరికి వెళ్తుండగా ఆయన గొంతు వినబడింది.

“మంత్రిగారే నాతో ఫోన్లో మాట్లాడారండి. ఆదివారం తెరవాల్సిందే, పరీక్షలు తర్వాత చేసుకో, ముందు సంతకం పెట్టు అన్నారు.”

నా చేయి తలుపు గొళ్ళెం మీద ఉంది. వెనక్కి తిరిగి వెళ్ళి కూర్చుని రాయాల్సింది. మళ్ళీ దాని పక్కన కూర్చోవాలా అనిపించింది. బయటికి వచ్చేశాను. తలుపు నా వెనకాల మూసుకుంది. ఆ తర్వాత ఆయన ఏమన్నాడో నేను వినలేదు.

బయట వరండాలో బెంచీ మీద కూర్చుని, అలవాటు ప్రకారం అదే పుస్తకంలో, ఆపిన చోటి నుంచే నా సొంత గోల రాసుకున్నాను. ఇంటికి కావలసిన సరుకులు, మనసులో ఉన్న కోపం, అన్నీ షార్ట్‌హ్యాండ్‌లోనే. చూసేవాళ్ళకి అది కూడా విచారణలాగే కనిపిస్తుంది.

సోమవారం పొద్దున టైపు చేసిన కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. వంతు మారిన ప్రతి పేజీ కింద ఇద్దరం పొట్టి సంతకాలు పెట్టాలి. నలభై రెండో పేజీలో చిన్నదాని సంతకం అప్పటికే ఉంది. చదివాను. “మరి ఎందుకు సంతకం పెట్టారు?” అని చైర్మన్ ప్రశ్న. దాని కింద, “సాక్షి సమాధానం చెప్పలేదు.” అంతే. ఇంకోసారి చదివాను.

పది నిమిషాల్లో సంఘం కార్యదర్శి నుంచి పిలుపు వచ్చింది. ఆయన గట్టిగా మాట్లాడగా మా ఆఫీసులో ఎవరూ వినలేదు. గాజుగ్లాసు బల్ల మీద పెట్టినా చప్పుడు కాకుండా పెడతాడు.

“కూర్చోండి మేడమ్. సంతకం పెట్టలేదట?”

“నలభై రెండో పేజీలో మాట తక్కువైంది సార్. మంత్రిగారి ఫోన్ మాట.”

“మీ పుస్తకంలో ఉందా?”

నేను పుస్తకం ఒళ్ళోకి లాక్కున్నాను.

“ఉండదు కదా” అన్నాడాయన జాలిగా. “తట్టగానే లేచిపోతారట మీరు. జంట నిమిషం రాసి నాలుగేళ్ళయిందట. మీ తోడికోడలే చెప్పింది.”

“ఆవిడ పుస్తకంలో ఉండి తీరాలి సార్.”

“ఆవిడ పుస్తకం నా బీరువాలో భద్రంగా ఉంది. ఆవిడ టైపు చేసింది, సంతకం కూడా పెట్టింది. ఇక మీరేమిటి, ఇంకో నాలుగు నెలల్లో పెన్షన్ తీసుకుని హాయిగా ఇంట్లో కూర్చుంటారు. ఇలాంటప్పుడు నాలుగేళ్ళు నియమం ఎగ్గొట్టారని నేను ఫైలు తెరవడం మీకూ బాగుండదు, నాకూ బాగుండదు. మూడింటికి సాక్షి సంతకం పెడతాడు. ఈలోగా మీదీ పెట్టేయండి.”

బయటికి వచ్చాను. కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. ముందు చిన్నదాని మీద వచ్చింది. నా గుట్టు తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టింది కదా! ఆ తర్వాత నా మీద నాకే వచ్చింది. ఆ నిమిషం నేను కూడా రాసి ఉంటే వాళ్ళు ఆ మాట తీసేసే సాహసం చేసేవాళ్ళే కాదు. రెండు పుస్తకాలు మాయం చేయడం వేరు, ఒకటి మాయం చేయడం వేరు. ఒక గొలుసు కోసం నేను వాళ్ళ పని సగం చేసి పెట్టాను.

టైపు గది గుమ్మం దాకా వెళ్ళాను. చిన్నది నన్ను చూసింది. తల దించుకుంది కానీ వేళ్ళు ఆగిపోయాయి. దాని మొహం పీక్కుపోయి ఉంది. మా మరిది రోడ్ల శాఖలో డ్రైవరు. ఏడాదికోసారి కాగితం పొడిగిస్తే తప్ప ఉద్యోగం లేదు. ఈసారి కాగితం ఇంకా రాలేదని మా ఆయన వారం కిందట నోరు జారాడు. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. అడగడానికి నోరు తెరిచాను. నాలుగేళ్ళు మూసుకుని కూర్చున్న నోరు అంత తేలిగ్గా తెరుచుకోలేదు. వెనక్కి వచ్చేశాను.

వరండా బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక బట్టల సంచీ ఉంది. ఇంజనీరు భార్యనని చెప్పింది. మెట్ల దగ్గర ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు. ఆవిడ వాళ్ళ వైపు చూడకుండా ఉండడానికి తంటాలు పడుతోంది.

“సంతకం అయ్యాక ఇక్కణ్ణుంచే తీసుకెళ్తారటండీ” అంది. “రెండు జతల బట్టలు పెట్టాను. బీపీ మాత్రలు పెట్టాను. తువ్వాలు అక్కడ ఇస్తారంటారా? పెట్టానో లేదో గుర్తు రావట్లేదు.”

సంచీ విప్పి చూద్దామన్నాను. తువ్వాలు అడుగున ఉంది. చూపించాను. “ఉందండీ” అంది ఆవిడ, అదొక్కటి తేలితే అన్నీ తేలినట్టు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడిస్తే సిగ్గుచేటని లేచి లోపలికి నడిచాను. పేజీ మీద సంతకం పెట్టలేదు. ఏం చేయాలో కూడా అనుకోలేదు.

మూడింటికి తలుపులు మూశారు. మొదటి వంతు నాది. చిన్నది పక్క కుర్చీలో, మూరెడు దూరంలో కూర్చుంది. కార్యదర్శి కాగితాల కట్ట ఇంజనీరు ముందు పెట్టాడు. ఆయన నలభై రెండో పేజీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

“ఇందులో నేను చెప్పిన మాట లేదండీ.”

“ఏ మాట?” అన్నాడు అధికార పక్షం సభ్యుడు. అతన్ని మేం నవ్వులాయన అంటాం. చావు కబురు కూడా నవ్వుతూనే చెప్పే రకం. మంత్రికి కుడిభుజం.

“మంత్రిగారి ఫోన్ మాట.”

“గురువారం లేని ఫోను ఆదివారం సెలవులో పుట్టిందా?” అని నవ్వాడు. అతని పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ఆ రోజు వాళ్ళిద్దరూ లోపలే ఉన్నారు, కానీ తమకేమీ గుర్తు లేదన్నారు. ఎదుటి పక్షం సభ్యుడు ఆ సమయంలో బయట బుట్టలో ఫోన్ వెతుక్కుంటున్నాడట.

చైర్మన్ పెద్దాయన. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది అంతంతమాత్రం. “నాకు రికార్డే చెవి” అన్నారు. “అందులో లేకపోతే నేను విననట్టే. అభ్యంతరం ఉంటే రిపోర్టరు తన పుస్తకంలోంచి చదవాలి, చదివిందే రికార్డు. అదీ నియమం. ఆ నిమిషం ఎవరిది?”

“ఇద్దరిదీ సార్” అన్నాడు కార్యదర్శి. “చిన్న మేడమ్ పుస్తకం ప్రకారమే టైపు జరిగింది. అది బీరువాలో ఉంది. పెద్ద మేడమ్ పుస్తకంలో ఆ భాగం...” అని నా వైపు చూశాడు. నాకు దారి చూపిస్తున్నట్టే ఉంది ఆ చూపు. “లేదనుకుంటాను.”

“ఉంది” అన్నాను.

ఆ మాట నేనే అన్నానని నాకే కాసేపటి వరకూ తెలియలేదు. లేచి నిలబడి, పుస్తకం వెనక్కి తిప్పాను. గురువారం పేజీ దొరికింది. పేజీ నిండా గీతలు. నా కళ్ళ ముందు ఉన్నవి ఇవి: “సబ్బులు రెండు. హాల్లోకి బల్బు. మోకాలి మాత్రలు. చిన్నది ఇవాళ కూడా గొలుసు వేసుకొచ్చింది, దొంగమొహం. అందరికీ వినబడాలని బల్లకేసి కొడుతుంది. అత్తయ్యకి చివర్లో చూపు ఆనకపోవడం దానికి బాగా కలిసొచ్చింది.”

దాన్ని చూస్తూ, వరసకి వేలు ఆనించి, గొంతు తడబడకుండా చదివాను. “మంత్రిగారే నాతో ఫోన్లో మాట్లాడారండి. ఆదివారం తెరవాల్సిందే, పరీక్షలు తర్వాత చేసుకో, ముందు సంతకం పెట్టు అన్నారు.”

నేను చెప్పింది అబద్ధం కాదు. ఆ పేజీలో లేదు, అంతే.

ఇంజనీరు చేతిలో పెట్టె మూత ఆగిపోయింది. కార్యదర్శి వంగి నవ్వులాయన చెవిలో ఏదో చెప్పాడు. నవ్వులాయన మొహం వెలిగింది.

“చైర్మన్‌గారూ, ఈ పుస్తకంలో అది నిజంగా ఉందో లేదో మనకెలా తెలుస్తుంది? ఈమె గీతలు చదవగలిగిన మనిషి ఇక్కడే ఉన్నారు. రెండో రిపోర్టరు చేత చదివించండి.”

“సమంజసమే” అన్నారు చైర్మన్. “ఇవ్వండమ్మా.”

అయిపోయిందనుకున్నాను. పెన్షన్ పోయింది, పరువు పోయింది, ఆ సంచీ పట్టుకుని కూర్చున్నావిడ మొగుడూ పోయాడు. పుస్తకం చిన్నదాని చేతికిచ్చాను. ఇచ్చేటప్పుడు దాని వేళ్ళు తగిలాయి. మంచులా ఉన్నాయి.

అది లేచి నిలబడింది. దాని కళ్ళు మొదటి వరస మీద నడిచాయి, రెండో వరస మీద నడిచాయి. గొలుసు దగ్గరికి వచ్చిందని నాకు తెలిసింది. ఎందుకంటే దాని చెవులు ఎర్రబడ్డాయి. మూడో వరస. అత్తయ్య చూపు మాట. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. అన్నేళ్ళూ అందరి మాటలూ రాశాను కానీ, నా మాట ఇంకొకరు చదువుతుంటే ఎంత నీచంగా ఉంటుందో ఆ రోజే చూశాను.

“ఉందా అమ్మా?” అన్నారు చైర్మన్.

చిన్నది కార్యదర్శి వైపు చూసింది. అతను తల కొంచెం ఆడించాడు, ధైర్యం చెబుతున్నట్టు. మళ్ళీ పేజీ వైపు చూసింది.

“ఉంది సార్” అంది. “చదువుతాను. ‘మంత్రిగారే నాతో ఫోన్లో మాట్లాడారండి. ఆదివారం తెరవాల్సిందే, పరీక్షలు తర్వాత చేసుకో, ముందు సంతకం పెట్టు అన్నారు.’”

చాలు, ఇక కూర్చో అనుకున్నాను. అది కూర్చోలేదు. వేలు కింది వరసకి, సబ్బులకీ బల్బుకీ కూడా కిందికి జరిపింది.

“ఇంకా ఉంది సార్. ‘ఆ ఫోను నాది కాదండి. కాంట్రాక్టరు నా గదిలో నా ఎదురుగా కూర్చుని, తన ఫోన్లోంచి మంత్రిగారికి కలిపి, మాట్లాడండి అని నా చేతికిచ్చాడు. శుక్రవారం మధ్యాహ్నం, భోజనాల వేళ. ఆయన ఫోన్ చూస్తే తెలుస్తుంది.’”

ఆ మాట నేను వినలేదు. నేను తలుపు అవతల ఉన్నప్పుడు ఆయన చెప్పిన మాట అది. ఈ గదిలో అది రాసిన చేయి దానిదొక్కటే.

“అదేనండీ” అన్నాడు ఇంజనీరు. “అదే, అక్షరం పొల్లుపోకుండా అదే.”

నవ్వులాయన మొహంలో నవ్వు ఎటు పోయిందో తెలియదు. కార్యదర్శి మొదటిసారి గొంతు పెంచాడు. “సార్, ఆ పేజీ నేనొకసారి చూడాలి!”

“మీకు షార్ట్‌హ్యాండ్ వచ్చా?” అన్నారు చైర్మన్.

“రాదు సార్.”

“మరి ఏం చూస్తారు? చదివిందే రికార్డు.” పెద్దాయన కాస్త వినబడే చెవి చిన్నదాని వైపు తిప్పారు. “అమ్మా, ఇంత మాట మీ టైపులో ఎందుకు లేదు?”

సాక్షి చెప్పేది ఎవరో ఒకరు రాయాలి. చిన్నది పుస్తకం నా ముందు పెట్టింది. పెడుతూ, నాకు మాత్రమే వినబడేలా, “దొంగమొహమా?” అంది. నాలుగేళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట.

“తర్వాత తిట్టు” అన్నాను. “ముందు చెప్పు.”

పెన్సిల్ తీసుకున్నాను. అది చెప్పింది, నేను రాశాను. “ఆ రెండు మాటలూ నా పుస్తకంలో ఉన్నాయి సార్. తీసేయమని కార్యదర్శిగారు చెప్పారు. మా ఆయన ఉద్యోగం కాగితం తన దగ్గరే ఆగి ఉందని కూడా చెప్పారు. నేను భయపడి టైపు చేశాను, సంతకం పెట్టాను. పుస్తకం వారి బీరువాలో ఉంది. పేజీ ఉందో, చింపేశారో నాకు తెలియదు.” మరిది ఉద్యోగం ఆ వాక్యంతో పోయిందని దానికీ తెలుసు, నాకూ తెలుసు. రేపు ఎవరైనా నా పేజీ చదివించుకోగలిగితే నాదీ పోతుంది. అయినా నా చేయి ఎక్కడా ఆగలేదు.

చెప్పడం అయ్యాక అది పక్క కుర్చీలో కూర్చుంది. కొత్త పుస్తకం తెరిచింది. మెడలో గొలుసు తీసి జాకెట్టు లోపలికి తోసేసుకుంది, బల్లకి తగలకుండా. పెన్సిల్‌తో రెండుసార్లు తట్టింది.

కాళ్ళు అలవాటుగా కదిలాయి. నేను లేవలేదు.

“ఆ బీరువా తాళాలు తెచ్చి ఈ బల్ల మీద పెట్టండి” అన్నారు చైర్మన్. “అప్పటి దాకా ఈ గదిలోంచి ఎవరూ బయటికి పోకూడదు.”

ఈసారి ఆ మాట రెండు పుస్తకాల్లోనూ ఉంది.